2006 టండ్రా టైమింగ్ బెల్ట్‌కి 1,640 డాలర్లు అడుగుతున్నారు. పాత ట్రక్కుకి అంత పెట్టొచ్చా?

ఫ్రిస్కో_శీను
బండి 2006 టొయోటా టండ్రా పికప్ ట్రక్కు, 4.7 లీటర్ వి8, డబుల్ క్యాబ్. ఇప్పటికి 171 వేల మైళ్లు తిరిగింది. నేను కొన్నప్పుడు 148 వేలు. పాత ఓనర్ రిటైరైన పెద్దాయన, బండిని బాగానే చూసుకున్నాడు కానీ టైమింగ్ బెల్ట్ (ఇంజన్లో వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చేసే రబ్బరు బెల్ట్) మార్చిన రసీదు ఒక్కటీ లేదు. అడిగితే ఎప్పుడో చేయించినట్టే గుర్తు అన్నాడు, అంతే.

మొన్న ఆయిల్ మార్పించడానికి డీలర్ దగ్గరికి వెళ్తే, బెల్ట్ గడువు దాటి ఉండొచ్చు, వాటర్ పంపుతో కలిపి మార్చాలి అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. పార్ట్స్ 690, లేబర్ 5 గంటలు గంటకి 175 చొప్పున 875, మిగతా 75 టాక్సూ అవీ. మొత్తం 1,640. ప్లేనోలో ఒక ఇండిపెండెంట్ షాపు అన్నీ కలిపి 950 చెప్పింది. తెలిసినాయన ఒకరు గ్యారేజీలో చేస్తుంటారు, ఆయన బెల్ట్ ఒక్కటే మారుస్తా, 480 ఇవ్వు అన్నారు.

ఈ ట్రక్కు ఇప్పుడు అమ్మితే ఎనిమిది, తొమ్మిది వేలు వస్తుందేమో. అందులో అయిదో వంతు బెల్ట్‌కి పోయడం న్యాయమేనా? మూడింటిలో దేనికి వెళ్లాలి? లేక తెగేదాకా నడిపేయొచ్చా?

చైన్_చాలు
అమ్మేసెయ్ బ్రో. ఇంజన్లో టైమింగ్ బెల్ట్ బదులు చైన్ ఉన్న ట్రక్కు కొనుక్కో. ఈ బెల్ట్ గోల జన్మలో ఉండదు.

రెంచ్_రాజు
పైన చెప్పిన మాట వినకు శీనూ. తెగేదాకా నడిపే ఆలోచన కూడా మానుకో. ఎందుకో చెప్తాను.

నీ ఇంజన్ 2యూజెడ్. మొదటి తరం టండ్రా, సెకోయా, ల్యాండ్ క్రూజర్ 100, నాలుగో తరం ఫోర్‌రన్నర్ వి8, లెక్సస్ జీఎక్స్ 470 అన్నిటిలో ఇదే. 2005 మోడల్ నుంచి టండ్రాలో దీనికి వివిటి-ఐ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) వచ్చింది. ఆ వివిటి-ఐ ఇంజన్లో బెల్ట్ తెగితే వాల్వుల్ని నడిపే క్యామ్ షాఫ్ట్‌లు ఆగిపోతాయి, పిస్టన్లతో కలిసి తిరిగే క్రాంక్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. తెరుచుకుని ఉండిపోయిన వాల్వులకి పిస్టన్లు వెళ్లి తగులుతాయి. వాల్వులు వంగుతాయి. వాల్వులుండే సిలిండర్ హెడ్లు రెండూ విప్పాలి, అదీ అదృష్టం బాగుండి పిస్టన్‌కి ఏమీ కాకపోతేనే. ఆ బిల్లు ముందు నీ 1,640 చాలా చిన్నది. చాలామంది ఆ దశలో బండిని వదిలేసుకుంటారు.

కంపెనీ చెప్పిన గడువు 90 వేల మైళ్లు, లేదా 9 ఏళ్లు. ఏది ముందొస్తే అది. అసలు ఎప్పుడూ మార్చలేదనుకుంటే రబ్బరుకి ఇరవై ఏళ్లు వచ్చినట్టు. 90 వేల దగ్గర ఒకసారి మార్చి ఉన్నా మళ్లీ 180కి దగ్గర పడుతున్నావు, ఏళ్ల లెక్కలో అయితే ఎలాగూ దాటేసి ఉంటుంది. ఏ రకంగా చూసినా మార్చాల్సిందే.

480 మాట మర్చిపో. దానికి కారణం సాయంత్రం ఇంటికెళ్లి వివరంగా రాస్తాను.

ఫ్రిస్కో_శీను
రాజుగారూ, అయితే బండి ఇవాళ్టి నుంచి నడపకూడదా? రేపు ఆఫీసుకి 28 మైళ్లు వెళ్లాలి. ఇది చదివాక టెన్షన్ మొదలైంది.

ఒడిస్సీ_నాన్న
టెన్షన్ పడకండి, రేపటికి రేపే తెగిపోదు. కానీ ఊటీ ట్రిప్పులు, సారీ, కొలరాడో ట్రిప్పులు పెట్టుకోకండి. 🙂

మన మినీవ్యాన్ జనానికి ఇది పాత కథే. హోండా 3.5 వి6 బెల్ట్ ఇంజనే కదా. ఒడిస్సీ, పైలట్, రిడ్జ్‌లైన్ ఉన్న ప్రతి తెలుగు కుటుంబం లక్ష మైళ్ల దగ్గర ఈ ఖర్చు పెట్టుకున్నదే. నేను పోయినేడాది మా ఒడిస్సీకి షార్లెట్‌లో బయట షాపులో వాటర్ పంపు, టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా ఉంచేది), డ్రైవ్ బెల్ట్, కూలెంట్ కలిపి 1,020 ఇచ్చాను. డీలర్ 1,500 పైనే చెప్పాడు. కాబట్టి శీనుగారి 950 నాకు సబబుగానే అనిపిస్తోంది.

కొలంబస్_కిరణ్
బెల్ట్ సంగతి సరే, ముందు బండి కింద పడుకుని ఫ్రేమ్ (బండి బరువు మోసే ఉక్కు చట్రం) చూడు. నేను ఒహాయోలో ఉంటా, ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు పోస్తారు. మొదటి తరం టండ్రాలకి ఫ్రేమ్ తుప్పు పెద్ద జబ్బు. 2009లో 2000 నుంచి 2003 మోడళ్లని ఫ్రేమ్ వెనక క్రాస్ మెంబర్ (అడ్డ కమ్మీ) తుప్పు వల్ల రీకాల్ చేశారు, స్పేర్ టైరు ఊడి రోడ్డు మీద పడే ప్రమాదం ఉందని. నీది 2006 కాబట్టి అందులో లేదు, కానీ ఉత్తరాదిన తిరిగిన బండి అయితే సుత్తితో కొట్టి చూడాల్సిందే. ఫ్రేమ్ పోయిన బండికి కొత్త బెల్ట్ వేసి ప్రయోజనం లేదు.

ఫ్రిస్కో_శీను
కిరణ్, ఇది పుట్టినప్పటి నుంచి టెక్సస్ బండే. కింద చూశాను, పైపైన తుప్పు తప్ప ఏమీ లేదు. స్పేర్ టైరు దగ్గర కూడా గట్టిగా ఉంది.

కొలంబస్_కిరణ్
అయితే కళ్లు మూసుకుని ఉంచుకో. ఇక్కడ అలాంటి ఫ్రేమ్ ఉన్న టండ్రా కనిపిస్తే రేటు అడక్కుండా కొంటాం.

ఆటోనగర్_బాబ్జీ
విజయవాడ నుంచి. 1,640 డాలర్లంటే మా లెక్కలో లక్ష రూపాయలకి బాగా పైనే. ఆ డబ్బుకి ఇక్కడ ఇంజన్ మొత్తం విప్పి బోరు చేయించి మళ్లీ బిగించి చేతిలో పెడతాం కదయ్యా!

మా దగ్గర లారీలకి ఈ బాధ లేదు, వాటికి టైమింగ్ గేర్లు. బెల్ట్ పని ఎక్కువ వచ్చేది టాటా ఏస్, పాత ఇన్నోవా బళ్లకి. 2.5 డీజిల్ ఇన్నోవాకి డ్యాష్‌బోర్డు మీద టి-బెల్ట్ అని లైటే వస్తుంది. ట్యాక్సీ కుర్రాళ్లు కొందరు లైట్ ఆర్పించుకుని బెల్ట్ మార్చకుండా వెళ్లిపోతారు. తర్వాత తోసుకుంటూ తెస్తారు. డీజిల్‌లో బెల్ట్ తెగితే ఇంజన్ దక్కదు. కాబట్టి రేటు గురించి మీరు ఎన్నైనా మాట్లాడుకోండి, మార్చడం గురించి మాత్రం మాట్లాడుకోవద్దు.

చైన్_చాలు
బాబ్జీ గారూ, శీను బండిని విజయవాడ పంపిస్తే ఓడ ఖర్చు ఎంతవుతుందో చెప్పండి 😀

ఆటోనగర్_బాబ్జీ
ఓడ ఎందుకు, నాకు టికెట్ తీయండి. రెంచీలు నేనే తెచ్చుకుంటా.

రెంచ్_రాజు
చెప్పినట్టే వివరంగా రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఈ పనిలో బెల్ట్ ఖరీదు తక్కువ. డబ్బంతా దాని దగ్గరికి చేరుకోవడానికే. రేడియేటర్ నీళ్లు దించాలి, ఫ్యాను, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవర్ తీయాలి, బయటి బెల్ట్ తీయాలి, ఏసీ కంప్రెసర్ గొట్టాలు విప్పకుండా పక్కకి జరపాలి, ఫ్యాన్ బ్రాకెట్ తీయాలి, క్రాంక్ పుల్లీ బోల్ట్ ఊడదీయాలి. ఆ బోల్ట్ 181 అడుగు-పౌండ్ల బిగువుతో ఉంటుంది, ఏళ్ల తరబడి కదలకపోతే ఇంకా మొండికేస్తుంది. అంతా విప్పాక కనిపించేవి బెల్ట్, బెల్ట్‌ని దారిలో నడిపించే రెండు ఐడ్లర్ పుల్లీలు, హైడ్రాలిక్ టెన్షనర్, వాటర్ పంపు.

ఇప్పుడు 480 లెక్క చూడండి. ఈ ఇంజన్లో వాటర్ పంపుని తిప్పేది టైమింగ్ బెల్టే. పాత పంపుని అలాగే ఉంచి కొత్త బెల్ట్ వేశాడనుకో. ఇంకో 30 వేల మైళ్లకి పంపు బేరింగ్ అరిగినా, సీలు కారినా, ఇంత పనీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. లేబర్ మళ్లీ మొత్తం కట్టాలి. బేరింగ్ బిగుసుకుపోతే కొత్త బెల్ట్‌ని కూడా అదే తెంపుతుంది. టెన్షనర్‌దీ ఇదే సంగతి. లోపల ఆయిల్ కారిపోయి ఒత్తిడి తగ్గితే బెల్ట్ ఒక పన్ను జారుతుంది, టైమింగ్ తప్పుతుంది. అందుకే నాలుగూ కలిపి మార్చాలి. థర్మోస్టాట్ కూడా కొత్తది వేయించు, నీళ్లు దించాక అది నిమిషాల పని. క్రాంక్ సీల్ దగ్గర ఆయిల్ తడి ఉంటే అది కూడా. ఆయిల్ తగిలిన బెల్ట్ ఎక్కువ కాలం బతకదు.

ఫ్యాన్ బ్రాకెట్ చేతిలోకి వస్తుంది కదా, దాన్ని తిప్పి చూడమను. బేరింగ్ గరగర అంటే ఈ ఇంజన్లకి అది మామూలే, అప్పుడే మార్చేయాలి.

పార్ట్స్ విషయంలో ఐసిన్ కిట్ అడుగు. టొయోటాకి వాటర్ పంపులు చేసేది వాళ్లే. డీలర్ పెట్టే 690లో సగం కూడా అవదు. కానీ ఆన్‌లైన్ మార్కెట్లలో ఎవరో థర్డ్ పార్టీ అమ్మకందారు దగ్గర కొనొద్దు, నకిలీ డబ్బాలు తిరుగుతున్నాయి. పేరున్న పార్ట్స్ షాపు నుంచే తీసుకో.

బే_ఏరియా_భాను
రాజుగారు రాసినదానికి ఒకటి కలుపుతాను. కిట్ మనమే కొని తీసుకెళ్తే చాలా షాపులు లేబర్‌కి వారంటీ ఇవ్వవు. పంపు కారితే పార్ట్ మీదే అంటారు, పార్ట్ వాళ్లు బిగింపు తప్పంటారు. మధ్యలో మనం. షాపునే ఐసిన్ తెప్పించమని చెప్పి, ఎస్టిమేట్ మీద బ్రాండ్ పేరు రాయించుకోవడం మేలు. వారంటీ 12 నెలలా, 24 నెలలా, ఎన్ని మైళ్లు అన్నది కూడా అదే కాగితం మీద ఉండాలి.

మా వారి పాత జీఎక్స్ 470కి ఇదే ఇంజన్. నేనే షాపుకి వెళ్లాను. మొదట వెళ్లిన చోట కిట్ అని ఊరికే ఒక్క మాట రాశారు. అందులో ఏమేం ఉన్నాయో వరసగా రాయమంటే టెన్షనర్ లేదు! అడిగాకే 140 కలిపారు. కాబట్టి శీనుగారూ, ఆ 950లో అన్నీ కలిపి అంటే ఏమిటో ముందు అడగండి.

ఫ్రిస్కో_శీను
మంచి పాయింట్ భానుగారూ. ఫోన్ చేసి అడిగాను. బెల్ట్, పంపు, రెండు ఐడ్లర్లు, కూలెంట్ అన్నాడు. టెన్షనర్ "అవసరమైతే" అన్నాడు.

బే_ఏరియా_భాను
చూశారా. అవసరమైతే అనే మాటని ఎస్టిమేట్‌లో ఉండనివ్వకండి. ఉంటుందా, ఉండదా, రేటు ఎంత. అంతే.

టాంపా_తేజ
నాది వేరే అభిప్రాయం. ఇండిపెండెంట్ షాపుల్లో మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. మా ఊళ్లో ఒక షాపు నా పాత పికప్‌కి బెల్ట్ వేసి టైమింగ్ ఒక పన్ను తప్పించి ఇచ్చింది. చెక్ ఇంజన్ లైటు, ఐడ్లింగ్‌లో వణుకు. మళ్లీ వెళ్తే సెన్సర్ పోయిందని ఇంకో 300 అడిగారు. చివరికి డీలర్ దగ్గరే సరిచేయించాను. డీలర్ ఖరీదెక్కువే, కానీ ఆ ఇంజన్‌ని రోజూ చూసేవాళ్లు. మరీ వాల్వులు వంగే ఇంజన్ అన్నప్పుడు 700 కోసం రిస్క్ ఎందుకు?

రెంచ్_రాజు
తేజా, నీ బాధ అర్థమైంది. కానీ డీలర్ అయితే తప్పు జరగదని లేదు. డీలర్ షెడ్డుకి 2006 బండి ఎప్పుడో ఒకసారి వస్తుంది, కుర్ర మెకానిక్ పనిలో చేరేనాటికే అది పాతది. నా సలహా ఏమిటంటే టొయోటా, లెక్సస్ మాత్రమే చేసే ఇండిపెండెంట్ షాపు వెతకాలి. పెద్ద ఊళ్లన్నిటిలో ఒకటి రెండు ఉంటాయి, చాలావరకు పాత డీలర్ మెకానిక్కులే పెట్టుకున్నవి. ఈ ఇంజన్ బెల్టులు ఈ మధ్య ఎన్ని చేశారని అడుగు. జవాబు వినగానే తెలిసిపోతుంది.

టాంపా_తేజ
సరే, అది ఒప్పుకుంటా. ఊరికే తక్కువ రేటు చూసి వెళ్లొద్దు అన్నదే నా మాట.

చైన్_చాలు
అందరూ కలిసి అతని చేత ఇరవై ఏళ్ల బండికి వెయ్యి డాలర్లు పెట్టిస్తున్నారు. 2007 నుంచి వచ్చిన 5.7 టండ్రాకి చైనే కదా. ఇది తొమ్మిదికి అమ్మి, కొంచెం వేసుకుని అది కొనుక్కోవచ్చు.

కొలంబస్_కిరణ్
కొంచెం అంటే ఎంత? బాగున్న 5.7 ఇప్పటికీ పదిహేను వేల పైనే. ఆరేడు వేలు వేసుకోవాలి, పైగా టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ పెరుగుతాయి. దాని చరిత్ర కూడా తెలియదు. చైన్ ఉన్నంత మాత్రాన ఖర్చు రాదని కాదు, ఆయిల్ సరిగ్గా మార్చని బండిలో చైన్ సాగుతుంది, టెన్షనర్లు పోతాయి, అప్పుడు బిల్లు ఇంకా పెద్దది. వెయ్యి డాలర్లు 90 వేల మైళ్ల మీద పంచితే మైలుకి సెంటు పైన కాస్త. శీను నడిపే లెక్కలో ఈ బెల్ట్ ఇంకో ఆరేడేళ్లు.

ఒడిస్సీ_నాన్న
అమ్మినా సరే, బెల్ట్ మార్చిన రసీదుతో అమ్మితే ఇట్టే పోతుంది. ఈ ఇంజన్ గురించి తెలిసినవాడు మొదట అడిగేది అదే. రసీదు లేకపోతే వాళ్లే వెయ్యి తగ్గించమంటారు. ఎటు చూసినా ఆ డబ్బు శీనుగారి జేబులోంచే.

ఫ్రిస్కో_శీను
నిజం చెప్పాలంటే అమ్మడం నాకు ఇష్టం లేదు. మా సబ్‌డివిజన్‌లో ఎవరు ఇల్లు మారినా ఈ ట్రక్కే వెళ్తుంది. వినాయక చవితికి విగ్రహం తెచ్చేదీ, నిమజ్జనానికి తీసుకెళ్లేదీ ఇదే. పిల్లలు వెనక కూర్చుని ఫొటోలు దిగడానికి పోటీ పడతారు. ఇంతవరకు దారిలో నన్ను ఒక్కసారి కూడా ఆపలేదు.

సియాటిల్_సుధ
అయితే వాడుకునే ప్రతి కుటుంబం దగ్గరా బెల్ట్ ఫండ్ వసూలు చేయండి. చవితి చందా పుస్తకంలోనే ఒక లైను రాసేయండి 😄

చైన్_చాలు
సుధగారి మాట నాకు నచ్చింది. ఆ లెక్కన అమ్మొద్దు, నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

అరిజోనా_ఆనంద్
సొంతంగా చేసే మాట ఎవరూ ఎత్తలేదేమిటి? నేను నా సెకోయాకి ఇంటి గ్యారేజీలో చేశాను. మంచి పార్ట్స్ షాపు నుంచి తెచ్చిన ఐసిన్ కిట్ 260 చిల్లర, కూలెంట్, థర్మోస్టాట్, క్రాంక్ సీల్ కలిపి 350 లోపే. పుల్లీ పట్టుకునే టూలు డిపాజిట్ కట్టి పార్ట్స్ షాపులో అరువు తెచ్చుకున్నా, తిరిగిస్తే డబ్బు వెనక్కి వచ్చింది.

చేయాలనుకునేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. పాత బెల్ట్ తీసే ముందు గుర్తులు కుదిర్చి ఫొటోలు తీసుకోండి. బెల్ట్ తీశాక వాల్వ్ స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ పుల్లీ టక్కున తిరగొచ్చు, దడుచుకుని దాన్ని ఇష్టం వచ్చినట్టు తిప్పొద్దు. క్రాంక్ ఏ గుర్తు దగ్గర ఉంచి బెల్ట్ తీయాలో మాన్యువల్‌లో ఉంటుంది, అది పాటిస్తే వాల్వులకి ప్రమాదం లేదు. పాత టెన్షనర్‌ని మళ్లీ వాడే పని పడితే వైస్‌లో నిలువుగా పెట్టి చాలా నెమ్మదిగా నొక్కి పిన్ను గుచ్చాలి, తొందరపడితే లోపలి సీలు పాడవుతుంది. కొత్తది పిన్నుతోనే వస్తుంది, ఆ బాధ లేదు. అంతా బిగించాక స్టార్ట్ చేయకుండా క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కుదిరాయో లేదో చూడాలి. ఎక్కడైనా అడ్డుపడితే ఆగిపోవాలి, బలం చూపించకూడదు.

స్టార్టర్‌తో క్రాంక్ బోల్ట్ ఊడదీసే వీడియోలు ఉన్నాయి. దయచేసి అలా చేయకండి. బోల్ట్‌కి పెట్టిన బ్రేకర్ బార్ (పొడవాటి రెంచ్) ఎగిరి మనిషికి తగిలితే చేయి విరుగుతుంది.

రెంచ్_రాజు
ఆనంద్ రాసింది అక్షరాలా కరెక్ట్. కానీ శీనూ, ఇంతకు ముందు వాటర్ పంపో, బ్రేకులో సొంతంగా చేసిన అలవాటు లేకపోతే ఈ ఇంజన్ మీద మొదలుపెట్టకు. రెండో బండి ఇంట్లో ఉండి, పని ఆగినా ఫర్వాలేదు అనుకునేవాళ్లకే ఇది.

ఆటోనగర్_బాబ్జీ
కుర్రాడు బాగా చెప్పాడు. చేత్తో రెండు చుట్లు తిప్పకుండా తాళం తిప్పిన మెకానిక్‌ని మా మేస్త్రి అప్పటికప్పుడే షెడ్డు బయటికి పంపేవాడు.

సియాటిల్_సుధ
అసలు పాత బెల్ట్ ఎలా ఉందో చూడటానికి దారి లేదా? ఒకవేళ పాత ఓనర్ నిజంగానే ఈ మధ్య చేయించి ఉంటే?

రెంచ్_రాజు
ఉంది. క్యామ్ పుల్లీ మీదుండే పక్క కవర్ కొన్ని 10 ఎంఎం బోల్టులతో ఊడుతుంది, టార్చి వేసి చూడొచ్చు. కొత్త బెల్ట్ మీద అక్షరాలు స్పష్టంగా ఉంటాయి. అంచులు పీచులొచ్చినా, పళ్ల మొదట్లో పగుళ్లున్నా అయిపోయినట్టే. కానీ బెల్ట్ చూడటానికి బాగుందని వదిలేయకండి, లోపలి దారాలు కంటికి కనిపించవు. హుడ్ కింద స్టిక్కర్ ఏమైనా అంటించారేమో వెతుకు. డీలర్ దగ్గర చేయించి ఉంటే విన్ నంబర్‌తో (బండి గుర్తింపు నంబర్) టొయోటా ఓనర్ అకౌంట్ తెరిస్తే సర్వీస్ చరిత్ర కనిపిస్తుంది.

ఫ్రిస్కో_శీను
అకౌంట్ తెరిచాను. 2013లో 88 వేల మైళ్ల దగ్గర బెల్ట్, పంపు మార్చినట్టు ఉంది! పెద్దాయన అబద్ధం చెప్పలేదు. అయినా 9 ఏళ్లు ఎప్పుడో దాటింది, మైళ్లూ 83 వేలు అయ్యాయి. కవర్ తీసి చూశాను, బెల్ట్ మీద అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాయి, పంపు కింద గులాబీ రంగు మరక గడ్డకట్టి ఉంది.

రెంచ్_రాజు
ఆ గులాబీ మరక టొయోటా కూలెంట్. పంపు సీలు కారడం మొదలైంది. ఇక ఆలస్యం చేయకు. నీళ్లు రోజూ చూసుకో.

ఫ్రిస్కో_శీను
రిచర్డ్‌సన్‌లో టొయోటాలే చేసే షాపు ఒకటి దొరికింది. బెల్ట్, పంపు, టెన్షనర్, రెండు ఐడ్లర్లు, థర్మోస్టాట్, క్రాంక్ సీల్, బయటి బెల్ట్, కూలెంట్ అన్నీ పేరుపేరునా రాసి, ఐసిన్ అని బ్రాండ్ వేసి 1,085 ఇచ్చారు. 24 నెలల వారంటీ. ఫ్యాన్ బ్రాకెట్ గరగరమంటే ఫోన్ చేసి చెప్పాకే మారుస్తారట. గురువారానికి బండి ఇస్తున్నా.

బే_ఏరియా_భాను
ఈ కాగితం అన్నిటికన్నా బాగుంది. పాత పార్ట్స్ పారేయకుండా చూపించమని ముందే చెప్పండి.

కొలంబస్_కిరణ్
బండి ఎలాగూ పైకెత్తుతారు, లోయర్ బాల్ జాయింట్లు (ముందు చక్రాన్ని సస్పెన్షన్‌కి పట్టి ఉంచే కీళ్లు) చూడమను. ఈ ట్రక్కులకి బెల్ట్ తర్వాత భయపడాల్సింది వాటికే. నడుస్తుండగా ఊడితే ముందు చక్రం పడిపోతుంది. మార్చాల్సి వస్తే ఒరిజినల్ టొయోటావే వేయించు, అక్కడ పొదుపు వద్దు.

ఫ్రిస్కో_శీను
ఎస్టిమేట్ మీద ఆ లైను కూడా రాయిస్తా.

న్యూజెర్సీ_నవీన్
మధ్యలో దూరుతున్నా. మా మామగారి సియెనా 2006, 118 వేల మైళ్లు. దానికి కూడా బెల్టేనా? కొత్త సియెనాలకి చైన్ అని విన్నాను.

ఒడిస్సీ_నాన్న
2006 అయితే 3.3 ఇంజన్, బెల్టే. 2007లో 3.5 వచ్చింది, దానికి చైన్. మామగారిది 90 వేల దగ్గర మార్చారేమో రసీదులు చూడండి. లేకపోతే ఈ చర్చలో రాజుగారు, భానుగారు రాసినవి చాలావరకు దానికీ వర్తిస్తాయి. ఆ ఇంజన్ అడ్డంగా ఉంటుంది, చెయ్యి పెట్టడానికి చోటు ఇరుకు. కాబట్టి ముందే రెండు మూడు చోట్ల రేటు కనుక్కోండి.